మెట్ట పొదల కర్బనం: ముందు లెక్క, తరువాత వాగ్దానం

వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కల ద్వారా నేలకు చేర్చి, ఆ సేవకు రైతుకు ప్రతిఫలం ఇప్పించవచ్చుననే ఆలోచన కొన్నేళ్లుగా విస్తరణ రంగంలో బలంగా వినిపిస్తున్నది. 2014 నాటి జాతీయ వ్యవసాయ అటవీ విధానం, 2022లో ఇంధన పొదుపు చట్టానికి జరిగిన సవరణ, 2023లో వెలువడిన కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం, 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ ప్రకటించిన స్వచ్ఛంద కర్బన విపణి మార్గదర్శకాలు ఈ ఆలోచనకు ఊతమిచ్చాయి. ఇక మిగిలినది ఆ మాటను రైతుకు చేరవేయడమే. ఆ పని సహజంగానే విస్తరణ శాస్త్రవేత్తల మీద పడుతుంది. చెప్పబోయే మాటలో ఎంత నిజముందో, ఎంత ఆశ ఉందో వేరు చేసి చూడవలసిన సమయం ఇదే. మాట రైతు వేదిక దాటిపోయిన తరువాత దానిని వెనక్కి తీసుకోవడం కష్టం.

వరంగల్ ప్రాంతానికి ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇక్కడి రైతు కొత్త విత్తనాన్ని, కొత్త మందును, కొత్త అప్పును నమ్మి నష్టపోయిన అనుభవం చిన్నది కాదు. 1997-98లో పత్తి దెబ్బతిన్నపుడు జరిగిన రైతు ఆత్మహత్యలు ఈ జిల్లా పేరును దేశమంతటికీ విషాదకరంగా పరిచయం చేశాయి. అటువంటి చోట ఏ సాంకేతిక సిఫారసైనా ముందు తన లెక్కను చూపించి, తరువాతే వాగ్దానం చేయాలి.

నేల, పొద

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ జిల్లాల మెట్ట భూముల్లో ఎర్ర చల్కా నేలలు విస్తారం. ఇవి లోతు తక్కువ, గులకరాయి ఎక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి స్వల్పం. సేంద్రియ కర్బనం తరచుగా 0.5 శాతానికి దిగువనే ఉంటుంది. ఏటి వానలో అధిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడిపోతుంది. పెద్ద చెట్టు నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టే ఇటువంటి నేలలో పొద త్వరగా కుదురుకుంటుంది. కొట్టినా చిగురిస్తుంది. పంటకు పెద్దగా నీడ పెట్టదు.

ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే రైతులకు తెలుసు. తంగేడు, జిల్లేడు, కానుగ రొట్టను మడిలో తొక్కించడం తెలుగు నేలలో పాత అలవాటు. వావిలి, వాక్కాయ కంచెగా నిలిచాయి. సీతాఫలం గుట్టల వాలుల్లో తనంత తానే పెరిగింది. గ్లైరిసిడియా తరువాత వచ్చి చేరింది. మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలు దానిని గట్ల మీద నాటి, కొమ్మలు కొట్టి, ఆకును పొలానికి వేయమని సిఫారసు చేస్తున్నాయి. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్లుగా రకాలను రూపొందిస్తున్న కంది సైతం వృక్షశాస్త్ర దృష్టిలో పొదే. కాబట్టి మెట్ట పొదల గురించి మాట్లాడటమంటే ఇక్కడి రైతుకు కొత్త మొక్కను పరిచయం చేయడం కాదు. ఉన్న మొక్కకు కొత్త లెక్క కట్టడం మాత్రమే.

ఒక ఎకరం లెక్క

ఆ లెక్కను ఒక ఎకరానికి వేసి చూడవచ్చు. చతురస్రాకారంలో ఉన్న ఎకరం చుట్టూ గట్టు సుమారు 250 మీటర్లు. అరమీటరుకు ఒకటి చొప్పున నాటితే 500 గ్లైరిసిడియా మొక్కలు పడతాయి. ఐదేళ్లకు ఒక్కొక్క మొక్కలో వేరుతో కలిపి 4 కిలోల ఎండు కొయ్య నిలిచిందని అనుకుందాం. మొత్తం 2 టన్నులు. ఎండు కొయ్యలో కర్బనం వాటాను సాధారణంగా 0.47గా తీసుకుంటారు. ఆ లెక్కన 940 కిలోల కర్బనం. దానిని 44/12తో హెచ్చిస్తే దాదాపు 3.45 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఏడాదికి సగటున 0.7 టన్ను. టన్నుకు 800 రూపాయలు దక్కుతాయని అనుకున్నా ఏటా ఎకరానికి 550 రూపాయలు. ఇందులో నుంచి నమోదు, కొలత, ధ్రువీకరణ, మధ్యవర్తి ఖర్చులు పోవాలి. గట్టు పొరుగు రైతుతో ఉమ్మడి అయితే మిగిలినదానిలోనూ సగమే.

మొక్క బరువూ ధరా ఇక్కడ ఊహించినవే. వాటిని రెట్టింపు చేసినా ఫలితం స్వభావం మారదు. పైగా ఈ ఆదాయం కలకాలం వచ్చేది కాదు. ఏటా కొమ్మలు కొట్టే పొదలో కొయ్య కొన్నేళ్లకు ఒక స్థాయికి చేరి ఆగిపోతుంది. క్రెడిటు లభించేది పెరిగిన నిల్వకే గాని, ఉన్న నిల్వకు కాదు. పెరుగుదల ఆగిన నాడు ఆదాయమూ ఆగుతుంది. నిల్వను కాపాడవలసిన బాధ్యత మాత్రం రైతు మీద మిగిలే ఉంటుంది.

నిల్వ వేరు, ఉత్పత్తి వేరు

విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లోనూ, ప్రచార పత్రాల్లోనూ తరచుగా కనిపించే పొరపాటు ఒకటుంది. పొద ఏటా ఉత్పత్తి చేసిన ఆకు, కొమ్మల బరువునంతా కూడి, దానిని కర్బన నిల్వగా చూపడం. ఆకు నేలలో పడిన తరువాత సూక్ష్మజీవులు దానిని తిని, అందులోని కర్బనంలో అధిక భాగాన్ని తిరిగి గాలిలోకే వదులుతాయి. నేలలో స్థిరపడేది స్వల్ప భాగం.

పైన చెప్పిన 500 మొక్కలు ఏడాదికి ఒక్కొక్కటి కిలో ఎండు ఆకు ఇస్తే 500 కిలోలు. అందులో కర్బనం దాదాపు 225 కిలోలు. పదేళ్లకు 2.25 టన్నులు. దానిలో పదో వంతు నేలలో నిలిచిందనుకుంటే 225 కిలోలు. ఘనపు మీటరుకు 1.5 టన్నుల సాంద్రత గల నేలలో, పై 15 సెంటీమీటర్ల పొరలో, ఎకరానికి 0.1 శాతం సేంద్రియ కర్బనం పెరగాలంటే దాదాపు 900 కిలోలు చేరాలి. కాబట్టి పదేళ్ల ఆకు వల్ల వచ్చే పెరుగుదల 0.025 శాతం. ఒకే చెలకలో పది అడుగుల దూరంలో తీసిన రెండు నమూనాల మధ్య ఇంతకంటె ఎక్కువ తేడా రావడం సాధారణం. ఇంత చిన్న మార్పును నమ్మకంగా పట్టుకోవాలంటే ఎన్నో నమూనాలు పరీక్షించాలి. ఆ పరీక్షల ఖర్చు క్రెడిటు విలువనే మించవచ్చు.

ఇందులో మరొక సూక్ష్మం ఉంది. గ్లైరిసిడియా ఆకు మంచి ఎరువు కావడానికి కారణం అది త్వరగా కుళ్లడం, నత్రజని అధికంగా ఉండటం. త్వరగా కుళ్లేది త్వరగానే గాలిలో కలుస్తుంది. మంచి ఎరువుకు కావలసిన గుణం, దీర్ఘకాలిక నిల్వకు కావలసిన గుణం ఒకటి కావు. రెండు లాభాలనూ ఒకే ఆకు పూర్తిగా ఇస్తుందని చెప్పే సిఫారసు ఎక్కడో ఒక లెక్కను రెండుసార్లు వేసుకున్నదని గ్రహించాలి.

కొలతలో దొర్లే తప్పులు

చెట్టుకు 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసి, సూత్రంతో బరువు అంచనా వేస్తారు. పొదకు ఆ పద్ధతి పనికిరాదు. మొదలు నుంచే అనేక కాండాలు లేస్తాయి. ఏటా నరికిన మోడు లావెక్కుతుంది గాని ఎత్తు పెరగదు. కాబట్టి నేల మట్టానికి దగ్గరగా ప్రతి కాండం వ్యాసం, గుబురు వెడల్పు, ఎత్తు తీసుకుని, కొన్ని మొక్కలను వేళ్లతో సహా పెకలించి, ఎండబెట్టి, తూచి, స్థానిక సూత్రాన్ని రూపొందించుకోవాలి. తేమ సమృద్ధిగా ఉన్న వేరొక దేశంలో తయారైన సమీకరణాన్ని జనగామ చల్కా నేలకు అతికిస్తే అంకె వస్తుంది గాని, ఆ అంకెకు ఆధారం ఉండదు.

నేల విషయంలో మూడు తప్పులు ముఖ్యం. మొదటిది గులకరాయి. ఘనపరిమాణంలో 20 శాతం రాయి ఉన్న నేలలో దానిని మినహాయించకుండా లెక్కిస్తే నిల్వ నాలుగింట ఒక వంతు ఎక్కువగా కనిపిస్తుంది. రెండవది పరీక్షా పద్ధతి. వాక్లీ-బ్లాక్ పద్ధతి సేంద్రియ కర్బనాన్ని పూర్తిగా ఆక్సీకరించదు. అందుకే 1.3 గుణకం వాడుతారు. మొదటి ఏడు ఈ పద్ధతితో గుణకం లేకుండా, ఐదో ఏడు పొడి దహన యంత్రంతో పరీక్షిస్తే, నేలలో ఏ మార్పూ లేకున్నా కర్బనం పెరిగినట్లు కనిపిస్తుంది. మూడవది నమూనా తీసే చోటు. పొద మొదట్లో తీసిన మట్టి ఫలితాన్ని ఎకరమంతటికీ విస్తరింపజేయడం సరికాదు. గట్టు, గట్టుకు ఆనుకున్న సాళ్లు, పొలం నడుమ అని మూడు చోట్ల వేరువేరుగా, ఒకే నెలలో, ఒకే లోతులో తీయాలి.

గతం చెప్పే మూడు పాఠాలు

ఈ ఆలోచన తెలంగాణకు కొత్తదేమీ కాదు. 2003లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ ఆదివాసీ మహిళా సంఘం 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గార తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు పొందింది. దేశంలో ఆ స్థాయి ప్రయత్నాల్లో అది తొలినాళ్లది. న్యాయంగానే పేరు తెచ్చుకున్నది. అయితే ఆ చెల్లింపు కానుగ చెట్లలో నిలిచిన కర్బనానికి కాదు. కానుగ నూనె డీజిల్‌ను తప్పించినందుకు. టన్నుకు పడిన ధర నాలుగున్నర డాలర్ల లోపే. గ్రామానికి అసలు మేలు చేసినవి కానుగ గింజ, నూనె, పిండి, సంఘం కట్టుబాటు. క్రెడిటు వాటి వెనుక వచ్చిన బహుమతి.

రెండవ పాఠం వరంగల్‌కు పొరుగున ఉన్న ఖమ్మం జిల్లాది. అక్కడ ఐటీసీ సామాజిక అటవీ పథకం కింద దాదాపు 3,070 హెక్టార్ల క్షీణ భూముల్లో పెంచిన తోటలు 2009లో క్యోటో ఒప్పందపు స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగంలో నమోదయ్యాయి. ఆ పథకాన్ని నిలబెట్టినది జామాయిలు కలపకు భద్రాచలం కాగితపు మిల్లు రూపంలో ఉన్న ఖాయమైన గిరాకీ. ఆ యంత్రాంగంలో అడవుల పెంపకానికి ఇచ్చినవి గడువు తీరే తాత్కాలిక క్రెడిట్లు. వాటిని ఐరోపా సమాఖ్య తన ఉద్గారాల విపణిలోకి అనుమతించనే లేదు. కొనేవాడి నిబంధన మారితే అమ్మేవాడి ఆస్తి విలువ మారిపోతుందని ఈ ఉదంతం చెబుతున్నది.

మూడవది జట్రోఫా, అంటే అడవి ఆముదం. 2003లో ప్రణాళికా సంఘపు కమిటీ దీనిని బీడు భూముల బంగారంగా చూసింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. 2018 విధానం వచ్చేసరికి బయోడీజిల్ లక్ష్యం 2030 నాటికి 5 శాతానికి దిగింది. మెరుగైన రకాలు లేకుండా, మెట్టలో దిగుబడి ఎంతో తేలకుండా, కొనుగోలుకు హామీ లేకుండా మొక్కను ముందు నాటించడమే ఆ వైఫల్యానికి మూలం. అది కూడా మెట్ట పొదే. దానిని సిఫారసు చేసినది కూడా శాస్త్రీయ వ్యవస్థే.

కర్బనమే కొలమానమైతే

కర్బనం ఒక్కటే ప్రమాణమైతే మెట్టకు తగిన పొదను వెదకవలసిన పని లేదు. సర్కారు తుమ్మ ఉన్నది. నీరడగదు, పశువు తినదు, నరికినా చావదు, కొయ్య బరువైనది. అయినా చెరువు శిఖాల్లోనూ బంజర్లలోనూ అది వ్యాపించిన తీరు చూసిన ఏ విస్తరణ శాస్త్రవేత్త దానిని నాటమని చెప్పడు. అంటే మొక్క ఎంపికలో కర్బనం కంటె ముందు అడిగే ప్రశ్నలు ఉన్నాయన్నమాట. గొర్రెలకు, మేకలకు మేత పోతుందా? చేనులో మంద కట్టే గొల్లకురుమలకు దారి మూసుకుపోతుందా? గడ్డి మొలిచే బంజరును క్షీణ భూమి అని పేరు పెట్టి దున్నితే అక్కడ అప్పటికే ఉన్న నేల కర్బనం ఎంత పోతుంది? ఈ ప్రశ్నలు కర్బన పట్టికల్లో కనిపించవు. గ్రామంలో కనిపిస్తాయి.

గట్టు ఎవరిది, కర్బనం ఎవరిది?

అన్నింటికంటె బరువైన ప్రశ్న హక్కుది. కర్బన ఒప్పందాలు ఏళ్ల తరబడి, కొన్ని సందర్భాల్లో దశాబ్దాల తరబడి నడుస్తాయి. సంతకం పట్టాదారుది. వరంగల్ పల్లెల్లో సాగు మాత్రం చాలా చోట్ల కౌలుదారుది. కౌలు నోటిమాట మీద, ఏడాదికొకసారి కుదురుతుంది. మొక్క నాటి, వేసవిలో కాపాడి, కొమ్మ కొట్టేది కౌలు రైతు. పాస్‌పుస్తకం చూపి ప్రతిఫలం తీసుకునేది భూయజమాని. పత్తి కట్టె కాల్చిన మంట గట్టుకు పాకి పొదలు మాడితే నష్టపు లెక్కలో పేరు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు లేని ఒప్పందాన్ని రైతుల ముందు పెట్టడం విస్తరణ ధర్మం కాదు.

చిన్న మొత్తమైనా రైతుకు అదనమే కదా, వేలమందిని కలిపితే ఖర్చు తగ్గుతుంది కదా అనే వాదన ఉన్నది. దానిని తేలికగా తీసివేయలేము. 500 కిలోల గ్లైరిసిడియా ఆకులో, 2.5 శాతం చొప్పున, నత్రజని 12.5 కిలోలు. అది 45 కిలోల యూరియా బస్తాలో సగానికి పైగా. కాని సబ్సిడీ ధరలో దాని విలువ 160 రూపాయలే. కొమ్మ కొట్టే కూలి అంతకంటె ఎక్కువ. రూపాయల్లో మాత్రమే చూస్తే కర్బనపు 550 రూపాయలే పెద్దవిగా కనిపిస్తాయి. ఈ నిజాన్ని దాచి పచ్చిరొట్టను పొగడటం కూడా నిజాయితీ కాదు.

అయితే రెండు మొత్తాల స్వభావం వేరు. ఆకు ప్రతి ఏడూ రైతు చేతికే వస్తుంది. ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు. యూరియా కోసం బారులు తీరే వానాకాలంలో అది అందుబాటులో ఉండే ఎరువు. వేళ్లు గట్టును పట్టి ఉంచి, కొట్టుకుపోయే పైమట్టిని ఆపుతాయి. ఆ పైమట్టితో పోయేది కూడా కర్బనమే. సీతాఫలమైతే గులకనేలలో కాయనిస్తుంది, దాని ఆకును మేకలు ముట్టవు. వాక్కాయ కంచె, కాయ రెండూ ఇస్తుంది. క్రెడిటు రాకపోయినా ఈ లాభాలు నిలుస్తాయి. ఈ లాభాలు లేని చోట క్రెడిటు ఒక్కటే పొదను నిలబెట్టదు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజరులో 1980ల నుంచి రైతులు దాదాపు 50 లక్షల హెక్టార్లలో పొదలను, చెట్లను మోళ్ల నుంచి తిరిగి పెంచుకున్నారు. వారిని కదిలించినవి మేత, వంటచెరకు, పంటకు గాలి నుంచి రక్షణ, తమ పొలంలోని చెట్టు తమదేనన్న భరోసా. కర్బనం ఆ పని వెంట వచ్చింది.

చేయవలసినది

మొదట, వరంగల్ పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి గ్లైరిసిడియా, సీతాఫలం, తంగేడు, వావిలి, బహువార్షిక కంది వంటి ఐదారు పొదలకు స్థానిక బరువు సూత్రాలను రూపొందించాలి. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనకు ఇంతకంటె ఉపయోగకరమైన అంశం అరుదు. పెకలించడం, కడగడం, ఎండబెట్టడం, తూచడం ఆకర్షణీయమైన పనులు కాకపోవచ్చు. కాని ఆ పట్టిక లేనిదే తరువాతి లెక్కలన్నీ అరువు లెక్కలే.

రెండవది, విస్తరణ సందేశంలో వరుస మారాలి. నేల, తేమ, మేత, కాయ ముందు. కర్బనం చివర. క్రెడిట్ల ప్రస్తావన వచ్చినపుడు ఎకరానికి ఎంత, ఎన్నేళ్లు, ఖర్చులు ఎవరివి, మంట వస్తే బాధ్యత ఎవరిది, కౌలుదారు వాటా ఎంత అనే ఐదు ప్రశ్నలకు తెలుగులో, రాతపూర్వకంగా జవాబు ఉన్న ఒప్పందాన్నే రైతు వేదికలో చర్చకు అనుమతించాలి.

మూడవది, కొమ్మ కొట్టే కూలికి, మొదటి రెండు వేసవుల సంరక్షణకు ప్రభుత్వ నిధులు కేటాయించాలి. గట్టు నాటకాలు గ్రామీణ ఉపాధి పనుల్లో భాగమైనపుడు మొక్క నాటడంతో పని ముగిసిందని అనుకోవడం తగదు. మెట్ట నేల నిలబడటం సమాజానికి మేలు అయినపుడు, దాని కూలి ఖర్చును దూరదేశపు విపణి ధర మీద వదిలివేయడం న్యాయం కాదు.

మెట్ట పొదలో కర్బనం ఉన్నమాట నిజం. అది కొద్దిదన్నమాట కూడా నిజం. రెండవ నిజాన్ని చెప్పిన తరువాత కూడా రైతు పొదను నాటితే, ఆ పొద పదేళ్ల తరువాతా గట్టు మీద ఉంటుంది. మొదటి నిజం మాత్రమే చెప్పి నాటించిన పొద, డబ్బు రాని మొదటి వేసవిలోనే వంటచెరకు అవుతుంది. అప్పుడు పోయేది కొద్దిపాటి కర్బనమే కాదు, శాస్త్రవేత్త మాట మీద రైతుకున్న నమ్మకం కూడా.